కడుపునొప్పి దౌత్యం

విశాఖ తీరంలో రెండు జలాంతర్గాములున్నాయి. ఒకటి ఇసుక మీద ఉంది, ఇంకొకటి సముద్రం అడుగున ఉంది. ఇసుక మీదున్నది సోవియట్ యూనియన్‌లో పుట్టింది, అడుగున ఉన్నది అమెరికాలో. ఎక్కడెక్కడో పుట్టిన ఈ రెండూ మన ఒడ్డుకెలా చేరాయి? ఆ కథ తెలిస్తే, పెద్ద దేశాలు విదేశాంగ విధానాన్ని ఏ వంటింట్లో వండుతాయో, దాన్ని ఎవరి విస్తట్లో వడ్డిస్తాయో తెలుస్తుంది.

ఆదివారం సాయంత్రం ఆర్కే బీచ్‌లో నిలబడటానికి చోటుండదు. పిడతకింద పప్పు బళ్లు, ఐస్‌క్రీమ్ పిలుపులు, అలలకు ఎదురెళ్లి కేరింతలు కొట్టే పిల్లలు. ఆ సందడి మధ్య, ఒడ్డుకు కొట్టుకొచ్చిన తిమింగలంలా నల్లగా, పొడుగ్గా ఉంటుంది కురుసుర. టికెట్ కొనుక్కుని లోపలికెళ్తే గది నుంచి గదికి గుండ్రటి ద్వారాలు. తల వంచి, ముందు ఒక కాలు అవతల పెట్టి, ఆ తర్వాత ఒళ్లు దూర్చాలి. అంత ఇరుకులో నెలల తరబడి మనుషులు ఎలా బతికారా అని ఆశ్చర్యపోతూ బయటికొస్తాం. 1969 డిసెంబరులో రీగా రేవులో మన నౌకాదళం చేతికొచ్చిన ఈ జలాంతర్గామి 2001లో విధుల నుంచి తప్పుకుంది. మరుసటి ఏడాది ప్రదర్శనశాల అయింది.

దానికి ఎదురుగా, సముద్రంలో కొద్ది దూరంలో, ఘాజీ శిథిలాలున్నాయి. వాటికి టికెట్ లేదు. తొంభై మందికి పైగా పాకిస్థానీ నావికులకు అదే సమాధి. 1944లో అమెరికా నౌకానిర్మాణ కేంద్రంలో నీళ్లలోకి దిగినప్పుడు దాని పేరు డయాబ్లో. కమ్యూనిజాన్ని అడ్డుకునే మిత్రదేశమన్న లెక్కతో 1960ల్లో అమెరికా దాన్ని పాకిస్థాన్‌కు అద్దెకిచ్చింది. ఆ పడవ చివరికి వచ్చి మునిగింది మాత్రం కమ్యూనిజంతో సంబంధం లేని యుద్ధంలో, విశాఖ ముంగిట్లో.

ఆ ఏడాది 1971. ఆ కథ మధ్యలో ఒక కడుపునొప్పి ఉంది.

అరువు చొక్కా

జులై 8న అమెరికా అధ్యక్షుడి జాతీయ భద్రతా సలహాదారు హెన్రీ కిసింజర్ సైగాన్, బ్యాంకాక్, ఢిల్లీ చుట్టుకుని ఇస్లామాబాద్ చేరారు. కడుపులో బాగాలేదన్నారు. పాకిస్థాన్ అధ్యక్షుడు యాహ్యా ఖాన్ నథియాగలీ కొండల మీద విశ్రాంతి తీసుకోమని పట్టుబట్టారు. మర్నాడు కార్ల వరస ఒకటి కొండ దారి పట్టింది. అందులో కిసింజర్ లేరు. తెల్లవారక ముందే చక్లాలా విమానాశ్రయంలో పాకిస్థాన్ ఎయిర్‌లైన్స్ బోయింగ్ ఎక్కి ఆయన బీజింగ్ వెళ్లిపోయారు.

ఆ హడావుడిలో మార్చుకునే చొక్కాలు మర్చిపోయారు. వెంట ఉన్న అధికారి జాన్ హోల్‌డ్రిడ్జ్ దగ్గర అరువు తెచ్చుకున్నారు. హోల్‌డ్రిడ్జ్ ఆరడుగులు దాటిన మనిషి. ఆ చొక్కా తనకెలా వేలాడిందో కిసింజరే తర్వాత రాసుకున్నారు. దాని మీద ఉన్న ముద్ర ‘మేడిన్ తైవాన్’. ఇరవై ఏళ్లుగా చైనా అంటే తైవానే అని వాదించిన దేశం, ఆ మాట మార్చుకోవడానికి తైవాన్ చొక్కాలోనే బయల్దేరిందన్నమాట. ఆ అక్టోబరు 25న ఐక్యరాజ్యసమితిలో తైవాన్ కుర్చీ బీజింగ్‌కు దక్కింది.

బీజింగ్‌లో చైనా ప్రధాని చౌ ఎన్‌లైతో గంటల తరబడి మాటలు నడిచాయి. జులై 15న అధ్యక్షుడు నిక్సన్ టీవీలో కనిపించి, తాను చైనా వెళ్తున్నానని ప్రకటించినప్పుడు లోకం నోరెళ్లబెట్టింది. అంతకు వారం క్రితమే ఢిల్లీలో ఇందిరా గాంధీతో మాట్లాడిన కిసింజర్ ఈ ఊసే ఎత్తలేదు. పరాయి దేశం సంగతి అలా ఉంచండి, అమెరికా సొంత విదేశాంగ మంత్రి విలియం రోజర్స్‌కు కూడా చివరి ఘడియల దాకా చెప్పలేదు. వేల మంది ఉద్యోగులు, ఖండఖండాల్లో రాయబార కార్యాలయాలు ఉన్న శాఖను పక్కన కూర్చోబెట్టి, ఆ దశాబ్దపు పెద్ద నిర్ణయాన్ని శ్వేతసౌధంలో ఇద్దరు ముగ్గురు చేతుల మీదుగా నడిపించారు.

ఎవరి దిగులు వారిది

బద్ధశత్రువులు ఉన్నట్టుండి ఎందుకు చేతులు కలిపారు? పెద్ద దేశాల అడుగులు తెలియాలంటే వాటి ప్రసంగాలు చదివితే సరిపోదు, వాటికి నిద్ర పట్టనివ్వని దిగులేమిటో చూడాలి.

వాషింగ్టన్ దిగులు వియత్నాం. యుద్ధం గెలవనివ్వదు, వదలనివ్వదు. దాని వెనక ఇంకా పెద్ద దిగులు మాస్కో. చైనాను తన వైపు తిప్పుకుంటే రెండింటికీ మందు దొరుకుతుందని నిక్సన్ లెక్క. కమ్యూనిస్టులంటే మండిపడే నాయకుడిగా పేరు తెచ్చుకున్న మనిషే, అధ్యక్షుడు కాకముందు 1967లోనే, చైనాను ఎల్లకాలం వెలివేసి ఉంచలేమని వ్యాసం రాశారు.

బీజింగ్ దిగులు ఉత్తర సరిహద్దు. 1969 మార్చిలో ఉసురి నదిలోని ఒక చిన్న దీవి కోసం చైనా, సోవియట్ సైనికులు కాల్చుకున్నారు. కమ్యూనిస్టు సోదరుల మధ్య పారిన ఆ నెత్తురు చైనా అధినేత మావోను ఆలోచనలో పడేసింది. నలుగురు పాత మార్షల్స్‌ను కూర్చోబెట్టి ప్రపంచ పరిస్థితిని బేరీజు వేయమన్నారు. అమెరికా కంటే సోవియట్ యూనియనే పెద్ద ముప్పని వాళ్లు తేల్చారు. గోడల మీద అమెరికాను తిట్టే నినాదాలు అలాగే ఉన్నాయి, లోపల లెక్క మాత్రం మారిపోయింది. 1971 ఏప్రిల్లో జపాన్‌లోని నగోయాలో ప్రపంచ టేబుల్ టెన్నిస్ పోటీలప్పుడు గ్లెన్ కోవన్ అనే అమెరికా కుర్రాడు చైనా జట్టు బస్సెక్కాడు. చైనా ఛాంపియన్ జువాంగ్ జెడాంగ్ అతనికి పట్టు వస్త్రం మీద నేసిన కొండల చిత్రాన్ని కానుకిచ్చాడు. కొద్ది రోజుల్లోనే అమెరికా జట్టుకు బీజింగ్ నుంచి పిలుపు వచ్చింది. బంతి చిన్నదే అయినా దాన్ని కొట్టిన చెయ్యి పెద్దది.

మాస్కో దిగులు ఈ ఇద్దరూ ఒకటవుతారేమోనని.

ఈ ముగ్గురి మధ్యా పాకిస్థాన్‌కు కొత్త విలువ వచ్చిపడింది. వాషింగ్టన్ ఉత్తరాలు బీజింగ్‌కు, బీజింగ్ జవాబులు వాషింగ్టన్‌కు మోసే తలుపు దగ్గర మనిషి యాహ్యా ఖాన్. అలాంటివాడు సొంతింట్లో ఏం చేసినా చూసీ చూడనట్టు ఉండాల్సిందే.

ఇరవై సంతకాలు

యాహ్యా సొంతింట్లో చేసిన పని చిన్నది కాదు. 1970 ఎన్నికల్లో తూర్పు పాకిస్థాన్ ప్రజలు షేక్ ముజీబుర్ రెహమాన్‌కు పట్టం కట్టారు. పశ్చిమాన ఉన్న సైనిక పాలకులకు అది మింగుడుపడలేదు. 1971 మార్చి 25 రాత్రి ఢాకా వీధుల్లోకి ట్యాంకులు దిగాయి. విశ్వవిద్యాలయ వసతి గృహాల్లో విద్యార్థులను చంపారు. ఊళ్లకు ఊళ్లు తగలబడ్డాయి. ఆ ఏడాది సుమారు కోటి మంది సరిహద్దు దాటి భారత్‌లో తలదాచుకున్నారు.

ఇదంతా అమెరికాకు తెలియదనుకుంటే పొరపాటు. ఢాకాలో అమెరికా కాన్సుల్ జనరల్ ఆర్చర్ బ్లడ్ రోజూ చూసింది చూసినట్టు రాసి పంపారు. జవాబు రాలేదు. ఏప్రిల్ 6న ఆయన కార్యాలయంలోని ఇరవై మంది సంతకాలు చేసిన టెలిగ్రామ్ ఒకటి వాషింగ్టన్ చేరింది. ప్రజాస్వామ్యాన్ని అణచివేస్తుంటే మన ప్రభుత్వం ఖండించలేదు, అకృత్యాలనూ ఖండించలేదు అని సొంత సర్కారు ముఖానే చెప్పిన లేఖ అది. సర్వీసులో ఉన్న అధికారులు అంత సూటిగా రాయడం అరుదు. దాన్ని సమర్థిస్తూ బ్లడ్ తన మాటా జోడించారు.

ఫలితం? బ్లడ్‌ను ఢాకా నుంచి వెనక్కి పిలిచారు. ఏప్రిల్ 28న తన ముందుకొచ్చిన కాగితం మీద నిక్సన్ స్వహస్తాలతో రాసిన ఆదేశం ఇప్పుడు అందరికీ అందుబాటులో ఉంది. ఈ సమయంలో యాహ్యాను ఇబ్బంది పెట్టవద్దని దాని సారాంశం. ‘వద్దు’ అన్న మాట కింద మూడు గీతలు గీశారు.

అగ్రరాజ్యాలు సమాచారం లేక తప్పులు చేస్తాయని మనం అనుకుంటాం. 1971 చెప్పేది వేరు. ఉన్నదున్నట్టు తెలిసిన మనిషి ఢాకాలో ఉన్నాడు, నిర్ణయం జరిగే గదిలో లేడు. గదిలో ఉన్నవాళ్ల కళ్లు బీజింగ్ తలుపు మీదే ఉన్నాయి. బ్లడ్‌కు అదే ఏడాది ఆయన వృత్తి సంఘం వాళ్లు ధైర్యానికి గుర్తుగా పురస్కారం ఇచ్చారు. పై మెట్లెక్కే దారి మాత్రం మూసుకుపోయింది.

ఢిల్లీ అల్మారాలోంచి దిగిన కాగితం

నిక్సన్ ప్రకటన విని ఎక్కువగా కలవరపడిన రాజధానుల్లో ఢిల్లీ ఒకటి. అమెరికా, చైనా, పాకిస్థాన్ ఒక జట్టు కడితే మన పక్కన ఎవరు? 1969 నుంచీ మాస్కో ఒక ఒప్పందం గురించి మాట్లాడుతూనే ఉంది. మాస్కోలో మన రాయబారిగా చేసిన డి.పి.ధర్ దాని ముసాయిదా మీద కసరత్తూ చేశారు. అలీన విధానానికి మచ్చ పడుతుందేమోనని ఆ కాగితం అల్మారాలోనే ఉండిపోయింది. కిసింజర్ కడుపునొప్పి దాన్ని కిందికి దించింది.

ఆగస్టు 9న ఢిల్లీలో రెండు దేశాల విదేశాంగ మంత్రులు స్వరణ్ సింగ్, ఆంద్రే గ్రోమికో సంతకాలు చేశారు. ఇరవై ఏళ్ల ఒప్పందం, పన్నెండు అధికరణాలు. వాటిలో తొమ్మిదోది కీలకం. ఇద్దరిలో ఎవరి మీద దాడి జరిగినా, దాడి ముప్పు వచ్చినా వెంటనే సంప్రదించుకుని తగిన చర్యలు తీసుకోవాలి. యుద్ధానికి వస్తామని ఎవరూ మాటివ్వలేదు. రారు అని ఎవరూ ధీమాగా అనుకోలేకుండా మాత్రం చేశారు.

మాస్కో మన మీద ప్రేమతో వచ్చిందా? 1968లో అదే మాస్కో పాకిస్థాన్‌కు ఆయుధాలు అమ్మడానికి ఒప్పుకొంది. ఆ సంగతి ఢిల్లీ మర్చిపోలేదు. చైనా దిగులు మాస్కోకీ ఉంది, మనకీ ఉంది. ఆ రెండు దిగుళ్లు ఒకేచోట కలిశాయి, అంతే. ఇందిర, ఆమె సలహాదారు పి.ఎన్.హక్సర్, ధర్ ఆ కలిసే చోటును సరిగ్గా పట్టుకున్నారు. పనిలో పనిగా, ఉత్తరాన కనుమల్లో మంచు పడి చైనా సేనలకు దారి మూసుకుపోయే కాలం దాకా ఆగారు.

పదమూడు రోజులు

డిసెంబరు 3 సాయంత్రం పాకిస్థాన్ విమానాలు మన స్థావరాల మీద బాంబులు వేశాయి. యుద్ధం మొదలైంది. నేల మీద రెండు సైన్యాలు, నేపథ్యంలో మూడు అగ్రరాజ్యాలు.

భద్రతామండలిలో కాల్పుల విరమణ, సేనల ఉపసంహరణ కోరుతూ అమెరికా తీర్మానం పెట్టింది. సోవియట్ వీటో చేసింది. డిసెంబరు 4, 5, 13 తేదీల్లో మూడుసార్లు ఆ చెయ్యి లేచింది. బ్రిటన్, ఫ్రాన్స్ అమెరికా మిత్రులే, అయినా ఎటూ ఓటేయకుండా తప్పుకున్నాయి. విషయం సర్వప్రతినిధి సభకు వెళ్తే డిసెంబరు 7న 104 దేశాలు విరమణకు ఓటేశాయి. వ్యతిరేకించింది పదకొండే: భారత్, భూటాన్, సోవియట్ వైపు దేశాలు. అలీనోద్యమంలో మనతో భుజం కలిపి నడిచిన ఈజిప్టు, యుగోస్లావియా కూడా అవతలి వైపే ఉన్నాయి. కోటి మంది శరణార్థుల గోడు విన్నవారికి కూడా సరిహద్దులు మారతాయన్న భయమే పెద్దదైంది.

వాషింగ్టన్ బయట తటస్థం అంది. లోపల జరిగిన సమావేశాల్లో కిసింజర్ పాకిస్థాన్ వైపు మొగ్గాలని అధ్యక్షుడి ఆదేశమని చెప్పారు. ఆ నోట్సును జాక్ ఆండర్సన్ అనే పాత్రికేయుడు బయటపెట్టి మరుసటి ఏడాది పులిట్జర్ గెలుచుకున్నారు. జోర్డాన్ చేతుల మీదుగా పాకిస్థాన్‌కు విమానాలు పంపే ఏర్పాటు అమెరికా చట్టానికే విరుద్ధమని సొంత న్యాయ నిపుణులు చెప్పినా ఆగలేదు. డిసెంబరు 10న న్యూయార్క్‌లో చైనా ప్రతినిధి హువాంగ్ హువాను రహస్యంగా కలిసిన కిసింజర్, భారత్ సరిహద్దుకు చైనా సేనలు కదిలితే బాగుండునన్న సంకేతం ఇచ్చారు.

చైనా కదల్లేదు. ఉత్తరాన సోవియట్ సేనలు. దక్షిణాన మంచు. ఇంట్లో చూస్తే, మావో తర్వాత ఆయనే అనుకున్న లిన్ బియావో సెప్టెంబరులో విమాన ప్రమాదంలో పోయిన కలకలం ఇంకా సద్దుమణగలేదు. పాకిస్థాన్‌కు దక్కింది గట్టి ప్రకటనలే.

చివరి అస్త్రంగా నిక్సన్ వియత్నాం జలాల నుంచి ఎంటర్‌ప్రైజ్‌ను కదిలించారు. ప్రపంచంలో మొట్టమొదటి అణుశక్తి విమానవాహక నౌక అది. అమెరికన్లను తరలించడానికని పైకి చెప్పారు. డిసెంబరు 15న బంగాళాఖాతంలోకి వచ్చింది. సోవియట్ యుద్ధనౌకలూ హిందూ మహాసముద్రానికి చేరాయి. కానీ అదే వారంలో మాస్కో పంపిన వసీలీ కుజ్నెత్సోవ్ ఢిల్లీలో కూర్చుని పశ్చిమ పాకిస్థాన్ జోలికి వెళ్లబోమన్న హామీ కోసం ఒత్తిడి తెస్తున్నారు. 1972 మేలో నిక్సన్ మాస్కో రావాల్సి ఉంది, ఆ పర్యటన చెడకూడదు. వీటో మన కోసం, హామీ అమెరికా కోసం. అవ్వా కావాలి, బువ్వా కావాలి!

డిసెంబరు 16న ఢాకా రేస్‌కోర్స్ మైదానంలో పాకిస్థాన్ సేనాపతి నియాజీ లొంగుబాటు పత్రం మీద సంతకం పెట్టారు. 93 వేల మంది బందీలయ్యారు. ఎంటర్‌ప్రైజ్ ఒక్క గుండు పేల్చకుండా వెనుదిరిగింది.

పెద్దన్న పనిముట్లు

*అన్నం:* 1965-66 కరవులో మనకు అమెరికా పంపే పీఎల్ 480 సాయం గోధుమలే ఆధారం. వియత్నాం మీద బాంబుల్ని ఢిల్లీ విమర్శించడం అధ్యక్షుడు జాన్సన్‌కు నచ్చలేదు. ఓడలను నెలకింతని లెక్కపెట్టి వదిలారు. హరిత విప్లవానికి మనం పడ్డ తొందరలో ఆ అవమానం వాటా ఉంది.

*ఆయుధం:* ఇచ్చినవాడి చేతిలోనే విడిభాగాలుంటాయి. 1965 యుద్ధంలో అమెరికా రెండు దేశాలకూ ఆయుధాలు ఆపేసింది. మనం మాస్కో వైపు నడవడానికి అదొక కారణం. కురుసుర ఆ దారిలోనే వచ్చింది.

*వీటో:* ఐదు దేశాలకే ఉన్న హక్కు. వాడినప్పుడు కొంత పనిచేస్తుంది, వాడతారేమోనన్న భయంతో ఇంకా ఎక్కువ పనిచేస్తుంది.

*నౌక:* పేల్చకపోయినా మాట్లాడుతుంది. ఎంటర్‌ప్రైజ్ ఢిల్లీని ఆపలేకపోయినా, తన మాట మీద నిలబడతానని బీజింగ్‌కు చెప్పింది. దాని అసలు శ్రోత బీజింగే.

విశాఖ సంతలో కూరగాయలు

ఇప్పుడు మళ్లీ మన ఒడ్డుకొద్దాం. ఘాజీ నవంబరు 14న కరాచీ వదిలింది. మన విక్రాంత్ విమానవాహక నౌకను వెతికి ముంచడం దాని పని. తూర్పు నౌకాదళాధిపతి వైస్ అడ్మిరల్ ఎన్.కృష్ణన్ విక్రాంత్‌ను గుట్టుగా అండమాన్ దీవులకు పంపి, అది విశాఖలోనే ఉందన్న భ్రమ కల్పించారు. పాత నౌక రాజ్‌పుత్ నుంచి విక్రాంత్ మాట్లాడుతున్నట్టు వైర్‌లెస్ సందేశాలు వెళ్లాయి. పెద్ద నౌకకు సరిపడా మాంసం, కూరగాయలు ఊళ్లో కొనిపించారు. గూఢచారులుంటే విననీ అన్నది ఆలోచన. ప్రపంచ రాజకీయం అలా మన సంతలోకి సంచీ పట్టుకుని వచ్చింది.

డిసెంబరు 3-4 మధ్య రాత్రి సముద్రంలో పెద్ద పేలుడు. తీరంలో కిటికీలు అదిరాయి. రాజ్‌పుత్ జారవిడిచిన నీటిబాంబులే ముంచాయని మన నౌకాదళం చెబుతుంది. ఘాజీ వేసిన మందుపాతరే దానికి తగిలిందని పాకిస్థాన్ అంటుంది. తెల్లారాక నీటి మీద తేలిన నూనెనూ, సామాన్లనూ మొదట చూసింది మన జాలర్లు.

ఆర్కే బీచ్‌లో ఉన్న విక్టరీ ఎట్ సీ స్తూపం ఆ యుద్ధానికి గుర్తు. దాని ముందు ఫొటోలు దిగేవారిలో ఎందరికి ఘాజీ అమెరికా పడవని తెలుసు?

రొయ్యల చెరువు దాకా

అదంతా పాత కథ అనుకోకండి. పాత్రలు మారాయి, వంటిల్లు అదే. 2025 ఆగస్టులో రష్యా చమురు కొంటున్నామన్న కారణంతో అమెరికా మన సరుకులపై అదనంగా 25 శాతం సుంకం వేసి మొత్తాన్ని 50 శాతానికి చేర్చింది. రష్యా ముడి చమురును మనకంటే ఎక్కువ కొనే చైనా మీద ఆ శిక్ష పడలేదు. అమెరికా కర్మాగారాలకు కావాల్సిన అరుదైన ఖనిజాలు చైనా గుప్పిట్లో ఉన్నాయి. నేరం ఒకటే అయినా దిగులు వేరు కాబట్టి తీర్పు వేరు. ఆ సుంకం సెగ భీమవరం వైపు రొయ్యల చెరువుల గట్లకూ తగిలింది. ఆంధ్రా రొయ్యకు అతి పెద్ద అంగడి అమెరికా. మరుసటి నెల హెచ్1బీ వీసాకు లక్ష డాలర్ల రుసుం ప్రకటన వస్తే హైదరాబాద్ నుంచి డాలస్ దాకా తెలుగిళ్లలో రాత్రికి రాత్రే ఫోన్లు మోగాయి.

అందుకే టీవీ చర్చల్లో వినిపించే ‘ఫలానా దేశం మన మిత్రుడా, శత్రువా’ అన్న ప్రశ్నతో పెద్ద ప్రయోజనం లేదు. ‘ఇప్పుడు ఆ దేశానికి నిద్ర పట్టనివ్వని దిగులేమిటి, అందులో మన చోటెక్కడ’ అని అడిగితే దారి కనిపిస్తుంది. 1971లో ఢిల్లీ ఆ ప్రశ్న వేసుకుంది. ఢాకా ప్రజల గోడు విననివారి మధ్య నుంచి కూడా పని చక్కబెట్టుకుంది. పనిలో పనిగా ఇంకో మాట: మనమూ పెద్దవాళ్లమవుతున్నాం. కాఠ్మాండూ నుంచి, కొలంబో నుంచి, అదే ఢాకా నుంచి చూసేవారికి మన దిగుళ్లూ అంతే బరువుగా కనిపిస్తాయి. మన గదిలోనూ ఒక ఆర్చర్ బ్లడ్ మాటకు కుర్చీ ఉండాలి.

1971లో ఇరవై ఏళ్లకని రాసుకున్న ఆ ఒప్పందాన్ని 1991 ఆగస్టులో, పి.వి.నరసింహారావు ప్రధానిగా ఉండగా, మరో ఇరవై ఏళ్లకు పొడిగించారు. నాలుగు నెలలకు సోవియట్ యూనియనే లేకుండా పోయింది. ఎంటర్‌ప్రైజ్ 2012లో విధులు చాలించింది. వాళ్ల మీద వీళ్ల మీద ఆధారపడితే ఏమవుతుందో 1971లో నేర్చుకున్న దేశం, 2009 జులై 26న తన తొలి స్వదేశీ అణు జలాంతర్గామి అరిహంత్‌ను నీళ్లలోకి దించింది. అందులోనూ రష్యా సాయం ఉంది. అయితే అది అద్దె పడవ కాదు. దాన్ని కట్టింది విశాఖలోనే.